పరీక్షకు రాని పేజీ

పుస్తకం తెరిచే ముందర చేతులు కడుక్కునే మనిషిని నేను ఒక్కరినే చూసినాను. అన్నానికి కూర్చునే ముందు ఎవరైనా కడుక్కుంటారు. ఈయన పుస్తకానికి కడుక్కునేవాడు. కడుక్కొని, తుడుచుకోకుండా, ఆపరేషన్ చేసే డాక్టరు మాదిరి రెండు చేతులూ పైకెత్తి గాలికి ఆరబెట్టుకుంటా నడిచి వచ్చేవాడు. నేను అప్పుడే తుడిచిన నేల మింద చుక్కలు చుక్కలుగా నీళ్ళు.

"అయ్యా, నేల" అనేదాన్ని.

"క్షమించండమ్మా" అనేవాడు.

రోజూ అదే. ఎనబై దగ్గర పడిన మనిషి, చెత్త ఊడ్చేదాన్ని పట్టుకొని మీరు అనేది, క్షమించండి అనేది. మొదట్లో ఎగతాళి చేస్తా ఉండాడేమో అనుకున్నాను.

ఆయన పోయి నెల దాటింది. పేరు చెప్పను. తాను రాస్తా ఉండిన పుస్తకం అచ్చయితే నా పేరు వేయొద్దని ఆ కాగితాల కట్ట మిందనే రాసి పెట్టి పోయిన మనిషి, నేనెందుకు చెప్పాల. అందరూ మేష్ట్రు అనేవాళ్ళు. అది కన్నడ మాట, పంతులు అని. ఆయనది గుంటూరు పక్క. ఈ బెంగుళూరులో పాస్టర్లకు చదువు చెప్పే కాలేజీలో ఏండ్ల తరబడి పాఠాలు చెప్పి, రిటైరయినాక కూడా సొంతూరికి పోకుండా ఆ కాలేజీ లైబ్రరీలోనే ఒక మూల టేబులు ఏసుకొని కూర్చున్నాడు. నేను ఆ లైబ్రరీలో ఊడ్చి తుడిచేదాన్ని. నాకు పేరు రాసేది తప్ప రాయడం రాదు. నేను చెప్తా ఉంటే మా పాప రాస్తా ఉండాది. నా మాటను బాగు చేయొద్దని చెప్పి కూర్చోబెట్టినాను.

ఎండాకాలంలో కూడా స్వెటరు. అదేమయ్యా అంటే, "పాత పుస్తకాల్లో చలి ఉంటుందమ్మా" అనేవాడు. నిజమో ఎగతాళో తెలిసేది కాదు. నవ్వితే చప్పుడు రాదు, భుజాలు మాత్రం ఎగురుతాయి. వేయించిన చెనక్కాయలు జేబులో ఉంటాయి, కానీ లోపల ఒక్క గింజ నమలడు. మెట్ల మీదికి పోయి, నిలబడి తిని, మళ్ళీ చేతులు కడుక్కొని వస్తాడు. మళ్ళీ నా నేల.

ఆయన మాట్లాడేది ఎవరి గురించో తెలుసుకోవడానికి నాకు చాన్నాళ్ళు పట్టింది. "ఆయనకు కోపం ఎక్కువమ్మా, స్నేహితులతో కూడా పడదు" అనేవాడు. "పాపం ఆవిడ ఒక్క గదిలో ఉండిపోయింది, కిటికీలోంచే అందరికీ ధైర్యం చెప్పేది" అనేవాడు. కాలేజీలో ఎవరో సారు, పక్క వీధిలో ఎవరో ఆడమనిషి అనుకున్నాను. ఒకరోజు, ఆయమ్మ ఇప్పుడెట్లా ఉండాది అయ్యా అని అడిగినాను.

"పోయి ఆరువందల ఏళ్ళయిందమ్మా" అన్నాడు. అట్లా అనేటప్పుడు ఆయన ముఖంలో నిన్న సాయంత్రం పోయినట్టు దిగులు ఉండింది.

ఆయన పని ఏందంటే, ఏసు ప్రభువు కాలం నుంచి ఈ రోజు దాకా మధ్యలో ఎంతోమంది పెద్దోళ్ళు దేవుని గురించి ఆలోచించి, కొట్లాడుకొని, ఏడ్చి రాసినారు కదా, గ్రీకులో, లాటిన్‌లో, సిరియా దేశం భాషలో. ఆ పుస్తకాల్లోంచి వందేండ్లకు కొన్ని పేజీలు ఏరి తెలుగులోకి దించేది. వందేండ్లను ఆయన ఒక బస్ స్టాపు అనేవాడు. ఈయన రెండో స్టాపులో ఎక్కాడు, ఆయన పదమూడో స్టాపులో దిగిపోయాడు అని. మన పల్లెల్లో పాస్టర్ల దగ్గర బైబిలు ఉంటుంది, పాటల పుస్తకం ఉంటుంది, ఆ రెండింటి మధ్యలో ఇన్ని స్టాపుల్లో ఒక్కరూ ఎక్కలేదనుకుంటారు పాపం అనేవాడు. దాని కోసం అంత ముసలాయన దినమూ కుందలహళ్ళి నుంచి బస్సులో వేలాడుకుంటా వచ్చేవాడు.

నన్ను ఆ పనిలోకి లాగినది ఒక సోమవారం. చీపురు పట్టుకొని ఆయన టేబుల్ కిందికి వంగినాను.

"మీకు చదువు వచ్చా అమ్మా?"

"పేరు రాస్తానయ్యా. బస్సు బోర్డు కన్నడలో గుర్తుపడతా. అంతే."

"అయితే కాసేపు కూర్చోండి."

"ఊడ్చేది ఉండాది."

"ఊడుస్తూనే వినండి."

ఒక పేజీ చదివినాడు. గంట కొట్టినట్టు పెద్ద పెద్ద మాటలు. నేను మూడు అరలు దులిపినాను.

"ఏం అర్థమైంది?"

"గొంతు బాగుండాది అయ్యా."

భుజాలు ఎగిరినాయి. కలం తీసి ఆ పేజీ మొత్తం అడ్డంగా కొట్టేసినాడు. నాకు భయమేసింది. ఎన్ని రోజులు రాసినాడో ఏమో. ఇక్కడ ఇంతమంది చదువుకున్న సార్లు ఉండారు కదా, వాళ్ళను అడగండి అన్నాను.

"వాళ్ళకు నేను తప్పు రాసినా అర్థమైపోతుందమ్మా. లోపల ఇంగ్లీషు ఉంది కదా, దాంతో సరిపెట్టుకుంటారు. మీ దగ్గర సరిపెట్టుకోవడానికి ఏమీ లేదు. అందుకని మీరే కావాలి" అన్నాడు.

నీ తలలో ఏమీ లేదు అనే మాటను అంత మర్యాదగా చెప్పినోళ్ళు మళ్ళీ నాకు తగల్లేదు.

అప్పటి నుంచి దినమూ పొద్దున ఒక పేజీ. నేను దులుపుతా ఉంటాను, ఆయన చదువుతా ఉంటాడు. నా చేయి ఆగిపోతే ఆయనా ఆగిపోయేవాడు. ఆగినచోట పెన్నుతో ఒక గీత. సారైక్యము అని ఒక మాట చదివినాడు ఒకసారి. ఆ మాటకు నీళ్ళు తాగాల్సి వస్తుందయ్యా అన్నాను. ఏందది అంటే, తండ్రి దేవుడూ కొడుకూ ఒకటే అనేది చెప్పాలమ్మా అన్నాడు. దాని మింద ఆ కాలంలో పెద్ద గొడవ అంట, ఊర్లకు ఊర్లు విడిపోయినాయంట.

"గొడవేముంది? తండ్రిలోంచి కొడుకు వస్తే తండ్రి తగ్గిపోతాడని వాళ్ళ భయమా?"

"కొంత అదేనమ్మా."

"మా ఊర్లో పొయ్యి ఆరిపోతే పక్కింటికి పోయి నిప్పు తెచ్చుకునేవాళ్ళం. మేము తెచ్చుకుంటే వాళ్ళ పొయ్యిలో నిప్పు తగ్గేది కాదు. మాది నిప్పు కాకుండా పోయేదీ కాదు."

ఆయన కలం కింద పెట్టేసినాడు. లేచినాడు. స్టూలు ఎక్కొద్దయ్యా అన్నా వినకుండా ఎక్కి, పై అరలోంచి ఇటుక మాదిరి ఒక పుస్తకం దించి, పోయి చేతులు కడుక్కొని వచ్చి తెరిచినాడు. చీమలు బారులు తీరినట్టు అక్షరాలు. ఒక వరుస కింద వేలు పెట్టినాడు, తాకకుండా.

"ఇదిగో. రెండో స్టాపులో ఒకాయన. ఒక నిప్పులోంచి ఇంకో నిప్పు ముట్టిస్తే మొదటిది తగ్గదు అని ఇదే మాట రాశాడు. మీకెవరు చెప్పారమ్మా?"

"పొయ్యి చెప్పింది."

ఈసారి భుజాలు ఎగరలేదు. నిలబడి నన్ను చూసినాడు, నేను ఆ చీమల బారు చూసినాను. యా దేశమో, యా కాలమో, వాళ్ళింట్లో కూడా పొయ్యి ఆరిపోయి ఉంటుంది, వాళ్ళమ్మ పక్కింటికి పంపించి ఉంటుంది అనుకున్నాను. ఆ రోజు నుంచి ఆ అరలు దులిపేటప్పుడు గట్టిగా కొట్టలేదు నేను.

ఒక తప్పు చేసినాను. ఆ పొద్దు మా వీధికి నీళ్ళ ట్యాంకరు వస్తుంది, బేగ పోవాల. చదవంగానే అర్థమైంది అర్థమైంది అనేసినాను. ఆయన నా ముఖం చూసి, "ఏదీ, తిరిగి చెప్పండి" అన్నాడు. గుడ్డ తీసుకొని మళ్ళీ దులపబోయినాను.

ఆయన కోప్పడలేదు. "మీరు నన్ను మోసం చేసినా ఫర్వాలేదు. మీలాంటావిడే యాడో ఒక ఊర్లో ఈ పేజీ దగ్గర ఆగిపోతుంది. ఆవిడకు ట్యాంకరు ఉండదు పాపం, చేతిలో ఈ పుస్తకమే ఉంటుంది" అన్నాడు. యాడో అనేది నా దగ్గర నేర్చుకున్న మాట. ఆ దినం నుంచి దినమూ తిరిగి చెప్పాల్సిందే. నేను చెప్పినట్టు రాసుకునేవాడు కొన్నిసార్లు.

ఇంక నా సంగతి కొంచెం చెప్పాల, లేకపోతే ఆయన చేసింది తెలీదు.

మా ఆయన సెంట్రింగ్ పని. స్లాబు పోసేదానికి ముందు కింద చెక్కలు పరిచి కర్రలు నిలబెట్టేది. సర్జాపుర రోడ్డులో ఆ పెద్ద పెద్ద అపార్టుమెంట్లలో ఎన్నింటికో ఆయన కర్ర ఉండాది. పుట్టుకతో మా మతం కాదు. నన్ను చేసుకున్నాక నాతో చర్చికి వచ్చి, లోపలికి రాకుండా చెప్పులు విడిచే కాడ కూర్చునేవాడు. ఎప్పుడప్పా బాప్తిస్మం అని మా పాస్టరయ్య అడిగితే, "తాగేది నిలిపినాక అయ్యా. నీళ్ళల్లో నిలబడి దేవునికి అబద్ధం చెప్పకూడదు కదా" అనేవాడు. చాలా ఏండ్లు పట్టింది. నిలిపినాడు. పదకొండు నెలలు చుక్క ముట్టకుండా ఉండి, అప్పుడు తానే పోయి అడిగినాడు. పాస్టరయ్య ఆదివారం పెట్టినాడు. తెల్ల చొక్కా కుట్టించినాను. ఆ వారమే గురువారం ఐదో అంతస్తులో కర్ర జారింది.

మా చర్చికి సొంతంగా సమాధుల తోట ఉండాది. బాప్తిస్మం తీసుకున్నోళ్ళకే ఆడ చోటు. కమిటీ కూర్చునింది. పాస్టరయ్య నా దగ్గరికొచ్చి, "ఒక్క ఆదివారం చెల్లెమ్మా, ఒక్క ఆదివారం" అని ఏడ్చినాడు. చెడ్డోడు కాదు. ఏడ్చినాడు, ఏడుస్తానే కాదనినాడు. హెబ్బగోడి బయట ఊరి రుద్రభూమి ఉండాది, శ్మశానాన్ని ఈడ అట్లా అంటారు. ఆడ పెట్టినాం. పిలిస్తే పాస్టరయ్య రాలేదు. పక్కింటి శెట్టప్ప తనకు తెలిసిన పద్ధతిలో టెంకాయ కొట్టినాడు. నాకు తెలిసిన పద్ధతి నేను చేసినాను, పరలోక ప్రార్థన చెప్పుకున్నాను. ఒక్కదాన్నే. ఆయనకు పరలోకం ఉండాదో లేదో తెలీకుండానే.

ఇది మేష్ట్రుకు నేను చెప్పలేదు. మొగుడు లేడని తెలుసు ఆయనకు, అంతే.

ఆ పేజీ ఒక బుధవారం వచ్చింది. ఐదో స్టాపు దాటి ఎవరో గట్టి పంతులు. ఆయన చదువుతా పోయినాడు, నేను గుడ్డ పట్టుకొని నిలబడిపోయినాను. ఒక్క మాట కూడా కష్టంగా లేదు. నీళ్ళ దాకా రాకుండా పోయినవాడు, ఎంత మంచోడైనా, రేపు తీసుకుంటాననుకున్నోడైనా, ప్రభువు కోసం చంపబడితే తప్ప వానికి జీవం లేదు. అది ఆ పేజీ.

"తిరిగి చెప్పండమ్మా" అన్నాడు, దినమూ అడిగినట్టే, తల ఎత్తకుండా.

"నా మొగుడు నరకంలో ఉండాడని" అన్నాను.

గుడ్డ ఆడనే పెట్టి, బకెట్టు ఆడనే పెట్టి, వచ్చేసినాను. నాలుగు దినాలు పనికి పోలేదు.

ఐదో దినం పొద్దున శెట్టప్ప భార్య నవ్వుకుంటా వచ్చింది. "అక్కా, యావురో ముసలాయన అక్కా, ఈ ఎండలో స్వెటరు ఏసుకొని వీధంతా నీ పేరు అడుగుతాండాడు. కోర్టు నోటీసేమో, లోపల దాంకుందువా?" అనింది. మేష్ట్రు. కుందలహళ్ళి నుంచి హెబ్బగోడికి మూడు బస్సులు మారి వచ్చినాడు. పది అడుగుల గది నాది, కుర్చీ లేదు. బకెట్టు బోర్లా పెడితే దాని మింద కూర్చున్నాడు. నీళ్ళు ఇచ్చినాను. తాగినాక, చెప్పండమ్మా అన్నాడు. అంతా చెప్పినాను, తెల్ల చొక్కా దాకా.

ఖాళీ గ్లాసు పక్కన పెట్టినాడు. నేనే అన్నాను, "ఆ పేజీ కొట్టేయండయ్యా. ఎన్ని కొట్టేయలేదు మీరు. నా కోసం అదొక్కటి కొట్టేయండి."

"అర్థం కాని మాట కొట్టేస్తానమ్మా. నచ్చని మాట కొట్టేయలేను."

"అర్థం కాలేదు నాకు."

"అర్థమయ్యే కదమ్మా వచ్చేశారు."

నాకు ఒళ్ళు మండింది. చదువుకున్నోళ్ళు మీరు, మీకేమి, పుస్తకంలో రాస్తారు, మేము మోయాల అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. తల వంచుకొని విన్నాడు. అయినాక, మీ పాస్టరు ఎవరమ్మా అని అడిగినాడు. చెప్పినాను. పేరు వినగానే స్వెటరు గుండీ ఒకటి విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు.

"మా కాలేజీలోనే చదివాడు. నా క్లాసులోనే. ఆ పేజీ అతనికి చెప్పింది నేనే" అన్నాడు.

నేను ఆయన ముఖం చూసినాను.

"అది పరీక్షకు వచ్చే పేజీ అమ్మా. ఏటా వచ్చేది. గట్టిగా చెప్పేవాణ్ణి, అందరూ బట్టీ పట్టేవారు. దానికి ఎదురు చెప్పిన పేజీలు ఉన్నాయి. అవి పరీక్షకు రావు. చెప్దామనుకునేలోపు సెలవులొచ్చేవి. ఒక్క ఏడాది కూడా చెప్పలేదు. మీ ఆయనను ఆ తోట బయట పెట్టింది మీ పాస్టరు కాదు."

అంత పెద్ద మనిషి, బోర్లించిన బకెట్టు మింద కూర్చొని, ఆ మాట అన్నాడు. నన్ను క్షమించమని అడగలేదు. నేల తడిపినందుకు దినమూ అడిగే మనిషి, దానికి అడగలేదు. అడిగితే చిన్నదైపోతుందని అనుకున్నాడో ఏమో. "రేపు పనికి రండి. ఆ పేజీ ఉంటుంది. దాని పక్కన ఏముందో వెతుకుదాం. ఇది దాచిపెట్టి అవి చదివి వినిపిస్తే మీరు వాటిని కూడా నమ్మరు" అని లేచి, బస్సుకు పోయినాడు.

పోయినాను. ఆ వానాకాలమంతా ఆయన వెతికినాడు. ఆ మనిషి వెతికేది చూడాల. స్టూలు ఎక్కేది, దిగేది, చేతులు కడుక్కునేది, ఒక పుస్తకం తీస్తే అది ఇంకో పుస్తకం పేరు చెప్పేది, అది ఇంకోటి చెప్పేది, పోలీసు జాడ తీసినట్టు స్టాపు నుంచి స్టాపుకు పోయేవాడు. దగ్గుతా వెతికేవాడు. సార్లు వచ్చి, ఇంక చాలించి పుస్తకం అచ్చుకు ఇవ్వండి మేష్ట్రు అంటే, "ఒక ప్రశ్న వచ్చింది, మధ్యలో ఇవ్వలేను" అనేవాడు. నా ప్రశ్న అది. నా మాదిరి దాని ప్రశ్నకు పదిహేడు వందల ఏండ్ల వాళ్ళంతా లేచి కూర్చోవాల్సి వచ్చింది.

మా ఆయన ఆగినాడు కదా, తాగుడు నిలిపేదాకా. ఆ కాలంలో చానామంది అట్లా ఆగేవాళ్ళంట. మునిగి లేచినాక మళ్ళీ పాపం చేస్తామేమో అని భయపడి, రాజులు కూడా ముసలితనం దాకా ఆగేవాళ్ళంట. అది విన్న దినం నాకు నవ్వొచ్చింది. చెప్పుల కాడ కూర్చున్నోనికి రాజుల బుద్ధి.

ఇంకొక దినం, ప్రభువు పక్కన సిలువ మింద ఉన్న దొంగను యా తొట్టిలో ముంచినారు అని అడిగినోళ్ళ పేజీ. ఆ తర్వాత ఒక పొద్దు నేను లోపలికి పోయేసరికి ఆయన టేబుల్ కాడ లేడు. తలుపు కాడనే నిలబడి ఉండాడు, నా కోసం. చేతులు తడిగా ఉండాయి.

అది నాలుగో స్టాపు. ఒక రాజు, ఇరవై ఏండ్లోడు. దూరదేశంలో ఉండి, వచ్చి నాకు బాప్తిస్మం ఇవ్వండి అని బిషప్పు దగ్గరికి మనిషిని పంపినాడు. బిషప్పు బయలుదేరినాడు. ఈయన దారిలో ఉండంగానే ఆడ రాజు చచ్చిపోయినాడు. శవం ఊరికి తెచ్చినారు. చెల్లెళ్ళు ఇద్దరు, అన్న నీళ్ళు ముట్టకుండానే పోయినాడని ఏడుస్తా ఉంటే, ఆ బిషప్పు సమాధి కాడ నిలబడి వాళ్ళతో చెప్పినాడు. మీ అన్న అడిగినాడు కదా. తన చేతిలో ఉండింది అడగడమే, అది చేసినాడు. అడిగినోనికి దేవుడు ఇచ్చేసినాడు, ఏడవొద్దండి అని.

నేను తిరిగి చెప్పినాను. చెప్పి, "రాజు కాబట్టి చెప్పినాడేమో అయ్యా. సెంట్రింగ్ వాడు పోయింటే ఆ బిషప్పు వచ్చుండునా?" అని అడిగినాను.

మేష్ట్రు కూర్చుండిపోయినాడు. "ఈ పేజీ మీద రాసిన పుస్తకాలు చాలా చదివానమ్మా. ఈ మాట ఎవరూ అడగలేదు" అన్నాడు.

"వాళ్ళ మాటలన్నీ చెప్పినారు. మీ మాట ఏంది?"

"నేను వాళ్ళ మాట దించేవాణ్ణమ్మా. నాకు వేరే మాట లేదు."

"ఉండాలయ్యా."

మరుసటి దినం మళ్ళీ అడిగినాను. ఇంకా వెతుకుతున్నాను అన్నాడు. ఆ తర్వాత దినమూ నేల తడిసినందుకు ఆయన క్షమించండి అనేది, నేను మీ మాట దొరికిందా అనేది. ఆయన తల అడ్డంగా ఊపేది.

చలికాలంలో మంచం పట్టినాడు. కుందలహళ్ళిలో ఒక చిన్న హోటలు పైన గది. కింది నుంచి దోసెల వాసన, పైన పుస్తకాలు. పెండ్లి చేసుకోలేదు, ఎవరూ లేరు. ఆదివారాలు నేను పోయి గంజి కాచి ఇచ్చేదాన్ని. పుస్తకం కావాలంటే తడిగుడ్డతో నేనే చేతులు తుడిచేదాన్ని. కడాపటి ఆదివారం ఆ రాజు పేజీ చదవలేకపోయినాడు. మీరే చెప్పండమ్మా అన్నాడు. కాగితం లేకుండా చెప్పినాను. మళ్ళీ చెప్పమన్నాడు. మూడు తడవలు చెప్పించుకున్నాడు. నేను ఆ దినం ఆయన మాట అడగలేదు. మంగళవారం పోయినాడు.

కాలేజీలో సమాధుల తోట ఉండాది, ఆడ పనిచేసిన పెద్ద పెద్ద సార్లంతా రాళ్ళ కింద ఉండారు. మేష్ట్రుకు చోటు సిద్ధం చేసినారు. అప్పుడు దిండు కింద కాగితం దొరికింది. ప్రిన్సిపాలు సారు రెండుసార్లు చదివి, నన్ను పిలిచి, ఈ రుద్రభూమి యాడ ఉందమ్మా అని అడిగినాడు.

నన్ను హెబ్బగోడి రుద్రభూమిలో పెట్టండి. ఫలానా పాస్టరును పిలవండి. ప్రసంగం వద్దు. ఈ కాగితంతో పాటు ఉన్న పేజీ అతను చదివితే చాలు. అంతే రాసి ఉండింది.

నేను ఆడికి పోయేసరికి గుంత తవ్వి ఉండాది. రుద్రభూమి చూసుకునే ఆయన నన్ను చూసి, "ఈ స్వెటర్ తాత ముందరే వచ్చినాడమ్మా, రెండు తడవలు. నీ గండన, నీ మొగుని సమాధి యావది అని అడిగి, దీని పక్కన ఎంత చోటుంది అని అడుగులు ఏసి చూసుకున్నాడు" అన్నాడు. ఎనిమిది అడుగులు.

కాలేజీ వాళ్ళంతా వచ్చినారు, కార్లలో, తెల్ల అంగీల్లో. పూజ చేసిన టెంకాయ చిప్పల మధ్య, బూడిద మధ్య ఎట్లా నిలబడాలో తెలీక నిలబడినారు. మా పాస్టరయ్య వచ్చినాడు. గురువు కోసం వచ్చినాడు. నేను ఏండ్ల కింద పిలిస్తే రాని చోటికి వచ్చి నిలబడి, ప్రిన్సిపాలు చేతిలోంచి పేజీ అందుకున్నాడు.

చదవడం మొదలుపెట్టంగానే నాకు తెలిసింది, ఆ పేజీ ఆయన ఎప్పుడూ చూడలేదని. మొదట గడగడా చదివినాడు. రాజు మనిషిని పంపినాడు అనే కాడ మెల్లగయినాడు. దారిలో ఉండంగానే అనే కాడ ఆగినాడు. చెల్లెళ్ళు ఏడుస్తా ఉంటే అనే కాడికి వచ్చి తల ఎత్తి నన్ను చూసినాడు. మళ్ళీ కాగితంలోకి తల దించి, అడిగినాడు కదా అనేది చదివినాడు, ఇచ్చేసినాడు అనేది చదివినాడు. అయిపోయింది. కాగితం మడవకుండా అట్లనే పట్టుకున్నాడు.

"మేష్ట్రు మాకు ఇది చెప్పలేదు" అన్నాడు, ఎవరితోనూ కాదు.

మేష్ట్రును దించినారు. మన్ను ఏయడం మొదలుపెట్టినారు. పాస్టరయ్య నా దగ్గరికొచ్చి, "యాడ చెల్లెమ్మా?" అని అడిగినాడు. చూపించినాను. వచ్చి, మోకాళ్ళ మింద కూర్చున్నాడు, ఆ తెల్ల అంగీతోనే.

"పుట్టిన పేరు నా రిజిస్టరులో ఉండాది. బాప్తిస్మంలో ఏం పేరు పెట్టుకోవాలనుకున్నాడు?"

అది నాకొక్కదానికే తెలుసు. తొట్టి కాడ అందరి ముందర చెప్తానని, అందాకా ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేను మా పాపకు కూడా చెప్పలేదు.

"యోసేపు అయ్యా. కొయ్య పనోని పేరు కదా, నాకు సరిపోతాది అన్నాడు."

పాస్టరయ్య ఆ మట్టి మింద అరచేయి పెట్టినాడు. నీళ్ళల్లో మనిషిని నిలబెట్టి పిలిచినప్పుడు ఎంత గట్టిగా పిలుస్తాడో అంత గట్టిగా, అందరూ వినేటట్టు, ఆ పేరు పెట్టి పిలిచినాడు. అవతల మేష్ట్రు మింద మన్ను ఏస్తా ఉండేవాళ్ళు పార ఆపినారు.